సైపైలోని సాల్వ్ ఐవీపీ: మంచి పనిముట్టే, డిఫాల్ట్‌లు మార్చి వాడండి

అవకలన సమీకరణాలతో జీవ, భౌతిక వ్యవస్థలను మోడల్ చేసేవాళ్లకు తొలి విలువల నుంచి అడుగు అడుగుగా పరిష్కారం లెక్కించే సాల్వ్ ఐవీపీ (solve_ivp), అంటే పైథాన్ లైబ్రరీ సైపై (SciPy) ఇచ్చే ఈ ఫంక్షన్, చాలా నమ్మకమైనది, ఉచితం కూడా. చిక్కంతా డిఫాల్ట్‌లతోనే.

ఆర్‌టాల్ (rtol), అంటే విలువతో పోల్చి ఎంత దోషం ఉండొచ్చో చెప్పే హద్దు, డిఫాల్ట్‌గా 0.001 ఉంటుంది. లోట్కా–వోల్టెరా వేట మోడల్‌ను దానితో ఎక్కువ కాలం నడిపితే, వేటాడే, వేటకు గురయ్యే జంతువుల సంఖ్యలను కలిపి గీస్తే మూసుకోవాల్సిన వక్రం చుట్టు చుట్టుకూ పక్కకు జరుగుతుంది. అది జీవశాస్త్రం కాదు, గణన దోషం. విలువను లక్ష రెట్లు తగ్గించి మళ్లీ చూడండి.

రాబర్ట్‌సన్ రసాయన చర్యలో రేట్లు 0.04 నుంచి 3 కోట్ల దాకా ఉంటాయి. రేట్ల మధ్య ఇంత తేడా ఉంటే డిఫాల్ట్ పద్ధతి ఆర్‌కే45 (RK45) మరీ చిన్న అడుగులు వేస్తుంది, నత్తనడకే. ఇలాంటి వాటికి సరిపోయే పద్ధతులు రడావ్ (Radau) గానీ బీడీఎఫ్ (BDF) గానీ ఎంచుకోవాలి. మధ్యలో పుట్టే పదార్థం గాఢత 0.00004 కూడా దాటదు, కాబట్టి ఏటాల్ (atol), అంటే విలువతో సంబంధం లేని స్థిర దోష హద్దు, డిఫాల్ట్ 0.000001 అస్సలు చాలదు.

మందు మోతాదుల మోడల్‌లో ఇంకా జాగ్రత్త. ఒక్క అడుగు ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే మ్యాక్స్ స్టెప్‌కు (max_step) డిఫాల్ట్‌గా హద్దు లేదు. పది నిమిషాల ఇంజెక్షన్‌ను ఒక్క అంగలో దాటేయగలదు. ఏ సమయాల్లో ఫలితం కావాలో చెప్పే టీ ఎవాల్‌లో (t_eval) బిందువులు పెంచినా లెక్కించే అడుగులు మారవు. మోతాదు సమయం దగ్గర ఆపి, విలువ మార్చి, మళ్లీ మొదలుపెట్టడమే సరైన దారి.

సైపైలోని పాత ఫంక్షన్ ఓడీఈఇంట్ (odeint) అలవాటున్నవాళ్లు గమనించాలి: సమీకరణాలు రాసిచ్చే మన ఫంక్షన్‌కు ఇక్కడ ముందు కాలం, తర్వాత స్థితి ఇవ్వాలి.