క్వేకర్లా, నార్వేనా: శాంతి చర్చలకు ఏది మేలు?

శాంతి చర్చల గురించి రాసిన ప్రతిసారీ పాఠకులు ఇదే అడుగుతున్నారు. యుద్ధంలో ఉన్న రెండు పక్షాలను మాట్లాడించడానికి యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ క్వేకర్లలా చడీచప్పుడు లేకుండా పనిచేసేవాళ్లు మేలా, నార్వే లాంటి ప్రభుత్వం మేలా?

నార్వే బలం తెలిసిందే. 1993లో ఇజ్రాయెల్, పీఎల్‌ఓ (పాలస్తీనా విమోచన సంస్థ) ప్రతినిధులను రహస్యంగా కూర్చోబెట్టి ఓస్లో ఒప్పందం దాకా తెచ్చింది. డబ్బు, రాయబారులు, కాల్పుల విరమణను గమనించే పరిశీలకులు, అన్నీ సమకూర్చగలదు. కానీ శ్రీలంకలో ప్రభుత్వానికీ తమిళ తిరుగుబాటుదారులకీ మధ్య కుదిర్చిన 2002 కాల్పుల విరమణ ఒప్పందం తర్వాత, నార్వే ఎల్‌టీటీఈకి కొమ్ముకాస్తోందని సింహళ జాతీయవాదులు వీధికెక్కారు. మధ్యవర్తి మీదే గొడవ మొదలైంది. 2008 జనవరిలో ప్రభుత్వం ఒప్పందం నుంచే తప్పుకుంది. అదే దేశంలో 1980లలో క్వేకర్లు కూడా రెండు వైపులా తిరిగారు. ఆ సంగతి చాలామందికి తెలియనే తెలియదు.

నా దృష్టిలో అసలు విషయం ఇదే: మధ్యవర్తికి ఇందులో దక్కేదేమిటి? ప్రభుత్వ దూత వెనక విదేశాంగ విధానం ఉంటుంది, పేరు రావాలన్న ఆశ ఉంటుంది. అతని ముందు నాయకుడు ఆచితూచి మాట్లాడతాడు. క్వేకర్ల దగ్గర అధికారం లేదు, వాళ్లకు ప్రచారం అక్కర్లేదు. అందుకే వాళ్ల ముందు నాయకుడు తన భయాన్ని, అనుమానాన్ని బయటపెట్టగలడు.

నైజీరియాకూ, దాన్నుంచి విడిపోతానన్న తూర్పు ప్రాంతం బయాఫ్రాకూ జరిగిన యుద్ధమే చూడండి. క్వేకర్లు ఆడమ్ కర్ల్, జాన్ వోల్క్‌మార్, వాల్టర్ మార్టిన్ ఇటు అప్పటి రాజధాని లాగోస్‌లో నైజీరియా పాలకుడు గోవన్ ప్రభుత్వాన్ని, అటు బయాఫ్రా నాయకుడు ఒజుక్వు పక్షాన్ని కలుస్తూ వచ్చారు. 1966లో నైజీరియా ఉత్తరాన, బయాఫ్రాలో ఎక్కువమంది ఉన్న ఇగ్బో తెగవారి ఊచకోత జరిగింది కాబట్టి, ఓడితే తమను బతకనివ్వరని బయాఫ్రా జనం గట్టిగా నమ్మారు. ఆ భయం ఎంత నిజమైనదో లాగోస్‌కు తెలియాలి. గోవన్ ఆలోచన ఏమిటో బయాఫ్రాకు తెలియాలి. ఈ పని బెదిరింపులతో, నిధులతో జరిగేది కాదు.

లోటు లేదనను. ఆ యుద్ధం చర్చలతో ఆగలేదు, 1970 జనవరిలో బయాఫ్రా లొంగిపోయాక ముగిసింది. తర్వాత గోవన్ ‘విజేతలూ లేరు, పరాజితులూ లేరు’ అన్నాడు. అందరూ భయపడినట్టు ఊచకోత జరగలేదు. అందులో క్వేకర్ల వాటా ఎంతో కొలవలేం. ఫలితం లెక్క చూపమనే దాతలకు ఈ పద్ధతి నచ్చదు, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

మిగతావాటిలో రోమ్‌కు చెందిన కాథలిక్ సేవాసంస్థ సాంట్ ఎజీడియో 1992లో మొజాంబిక్ ఒప్పందం కుదర్చడంలో ముఖ్య పాత్ర పోషించింది. అణ్వాయుధాల విషయమైతే శాస్త్రవేత్తల పగ్వాష్ వేదిక ఉంది.

ఒప్పందం రాసుకుని అమలు చేసే దశలో నార్వే లాంటి దేశం తప్పనిసరి. పక్షాలు ఒకరి ముఖం ఒకరు చూడని దశలో మాత్రం నా ఓటు క్వేకర్లకే.