మహిళల ఛాంపియన్స్ లీగ్ అర్హత రౌండ్లు: రౌండ్ రాబిన్, మినీ నాకౌట్, రెండంచెల పోరు – ఏది మేలు?

2025 మే 24న లిస్బన్‌లో బార్సిలోనాను 1-0తో ఓడించి ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ మహిళల జట్టు యూరప్ క్లబ్ ఫుట్‌బాల్ కప్పు, అంటే ఛాంపియన్స్ లీగ్, ఎత్తింది. వాళ్ల ప్రయాణం మొదలైంది అంతకు ఎనిమిది నెలల ముందు, 2024 సెప్టెంబర్ 4న, బోరమ్‌వుడ్‌లోని మెడో పార్క్ అనే చిన్న మైదానంలో. ఆ రోజు రేంజర్స్‌ను 6-0తో ఓడించారు. అక్కడి నుంచి ఫైనల్ దాకా మొత్తం 15 మ్యాచ్‌లు. తొలి అర్హత రౌండ్‌లో మొదలుపెట్టి టైటిల్ గెలిచిన మొదటి జట్టు ఇదే. సరిగ్గా ఏడాది ముందు ఇదే రౌండ్‌లో ఇదే ఆర్సెనల్ మూడు రోజుల్లో మూటాముల్లె సర్దుకుంది. అప్పటికి ఆ జట్టు గత సీజన్ సెమీఫైనలిస్టు.

ఇందులో ఫామ్, గాయాల పాత్ర ఉంది, కాదనలేం. కానీ అర్హత రౌండ్‌ను ఏ పద్ధతిలో ఆడిస్తారన్నదానికీ పెద్ద పాత్రే ఉంది. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ ఇప్పటిదాకా నాలుగు పద్ధతులు వాడింది. ఒక్కోటి ఒక్కో రకం జట్టుకు లాభం, ఇంకో రకం జట్టుకు గండం.

పాత పద్ధతి: నాలుగు జట్లు, తలా మూడు మ్యాచ్‌లు

2009-10లో పాత ఉమెన్స్ కప్ పేరు మారి ఛాంపియన్స్ లీగ్ అయినప్పటి నుంచి 2019-20 దాకా నడిచింది ఇదే. నాలుగు జట్లు ఒకే చోటికి చేరతాయి. వాటిలో ఒకటి ఆతిథ్య జట్టు. ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఒక్కోసారి ఆడుతుంది. రౌండ్ రాబిన్ అంటే ఇదే. 2019లో ఈ మ్యాచ్‌లు ఆగస్టు 7, 10, 13 తేదీల్లో జరిగాయి. పది గ్రూపులు, 40 జట్లు. గ్రూప్‌లో మొదటి స్థానం వచ్చిన జట్టే ముందుకు. ఆ పదీ, నేరుగా చోటున్న 22 జట్లూ కలిసి 32 జట్ల రౌండ్ మొదలయ్యేది.

చిన్న దేశాల ఛాంపియన్లకు ఇంతకన్నా మంచి బేరం లేదు. ఒకే విమాన ప్రయాణానికి మూడు పోటీ మ్యాచ్‌లు గ్యారంటీ. మొదటి మ్యాచ్ ఓడినా కథ ముగియదు, మిగతా ఫలితాలు కలిసొస్తే ఆశ ఉంటుంది. పగలు ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు అన్నట్టు బతికే సెమీ ప్రొఫెషనల్ ఆటగాళ్లకు ఒకేసారి వారం రోజులు సెలవు పెట్టడం, రెండుసార్లు మూడేసి రోజులు పెట్టడం కన్నా తేలిక.

దీని లోపం టై బ్రేక్‌లో, అంటే పాయింట్లు సమానమైనప్పుడు ఎవరు ముందో తేల్చే నియమంలో ఉంది. ఒక లెక్క చూడండి. ఎ, బి రెండూ గట్టి జట్లు. మొదటి రెండు రోజుల్లో రెండూ రెండేసి మ్యాచ్‌లు గెలిచి ఆరేసి పాయింట్ల మీద ఉన్నాయి. గ్రూప్‌లో అందరికన్నా బలహీనమైన జట్టును ఎ 9-0తో, బి 3-0తో ఓడించాయి. మిగతా గెలుపులు సమానం. ఆఖరి రోజు ఎ, బి మధ్య మ్యాచ్ 1-1తో డ్రా. ఇద్దరికీ ఏడు పాయింట్లు. యూఈఎఫ్‌ఏ ముందు ముఖాముఖి ఫలితం చూస్తుంది, అది సమానమే. తర్వాత మొత్తం గోల్స్ తేడా. ఎ ముందుకు, బి ఇంటికి. అంటే గ్రూప్ తేలింది ఆఖరి రోజు కాదు, ఆ బలహీన జట్టు వలలో ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారన్న రోజున. ఇది తెలిసిన కోచ్ ఐదు గోల్స్ ఆధిక్యంలో ఉన్నా స్ట్రైకర్‌ను బయటికి పిలవడు. చిన్న జట్ల స్కోరుకార్డుల్లో కనిపించే రెండంకెల ఓటములకు ఒక కారణం ఇదే.

మొదటి రెండు మ్యాచ్‌లు ఓడిన జట్టు మూడో రోజు ఆడేది లాంఛనానికే. అదే రోజు అర్హత తేలే మ్యాచ్‌లు రెండూ ఒకే సమయానికి మొదలవ్వాలి కాబట్టి రెండు మైదానాలు కావాలి. చిన్న ఊళ్లలో రెండోది పక్క పట్టణంలో దొరుకుతుంది, పచ్చిక ఎలా ఉందో చూసుకునే వీలు కూడా ఉండదు.

2021 నుంచి: నాలుగు జట్ల మినీ నాకౌట్

2021-22లో 16 జట్ల గ్రూప్ దశ వచ్చింది. దాంతోపాటే అర్హత రౌండ్లను ఛాంపియన్ల దారి (దేశ లీగ్ గెలిచిన జట్లకు), లీగ్ దారి (లీగ్‌లో ఆ తర్వాతి స్థానాల్లో నిలిచిన జట్లకు) అని రెండుగా చీల్చారు. తొలి రౌండ్‌లో నాలుగు జట్లు ఒకచోట చేరడం అలాగే ఉంది, గ్రూప్ మాత్రం పోయింది. ముందు రెండు సెమీఫైనల్స్, మూడు రోజుల తర్వాత ఫైనల్, మూడో స్థానం మ్యాచ్. ఆరు మ్యాచ్‌ల పని నాలుగింటితో అయిపోతుంది. వారం ఖర్చు నాలుగైదు రోజులకు దిగుతుంది. నిర్వాహకుల పుస్తకంలో ఇది బంగారం లాంటి పద్ధతి.

పెద్ద జట్టు వైపు నుంచి చూస్తే మరో లెక్క. ఏ ఒక్క మ్యాచ్‌లో అయినా నూటికి 75 పాళ్లు గెలిచేంత బలం మీకుందనుకుందాం. వరుసగా రెండు గెలవాలంటే అది 56కి పడిపోతుంది. దాదాపు బొమ్మా బొరుసే. ఏడాదంతా లీగ్‌లో పోరాడి తెచ్చుకున్న యూరప్ బెర్త్ అలాంటి రెండు సాయంత్రాల మీద ఆధారపడుతుంది.

ఆర్సెనల్‌కు 2023లో జరిగింది ఇదే. ఆతిథ్యం స్వీడన్‌లోని లిన్‌షాపింగ్ క్లబ్‌ది. సెప్టెంబర్ 6న ఆతిథ్య జట్టునే ఆర్సెనల్ 3-0తో ఓడించింది. 9న ప్యారిస్ ఎఫ్‌సీతో ఫైనల్. అదనపు సమయం అయ్యేసరికి 3-3. పెనాల్టీల్లో 4-2తో ప్యారిస్. ఇంగ్లండ్ లీగ్ అక్టోబర్ 1న గానీ మొదలుకాలేదు. ఆగస్టు 20 దాకా ప్రపంచకప్. అంటే ఆర్సెనల్ సీజన్‌లో ఆడిన మొదటి రెండు పోటీ మ్యాచ్‌లే యూరప్‌లో ఆఖరి రెండు మ్యాచ్‌లు కూడా అయ్యాయి.

మినీ నాకౌట్‌కు అసలు జబ్బు ఈ క్యాలెండరే. స్వీడన్, నార్వే లీగ్‌లు వసంతంలో మొదలై శరదృతువు చివరిదాకా నడుస్తాయి. ఆగస్టు చివరికి వాళ్ల ఆటగాళ్లు మంచి ఊపులో ఉంటారు. ఇంగ్లండ్ జట్లు అప్పుడే స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడుకుంటూ ఒళ్లు వంచుతుంటాయి. 2022లో మాంచెస్టర్ సిటీని చూడండి. జూలై 31న వెంబ్లీలో యూరో ఫైనల్, గెలిచిన ఇంగ్లండ్ జట్టులో సిటీ ఆటగాళ్లు చాలామంది. మూడు వారాలు తిరక్కుండా మాడ్రిడ్‌లో మినీ టోర్నీ. కజకిస్థాన్ జట్టు టొమిరిస్ తురాన్‌ను 6-0తో కొట్టి, ఫైనల్లో ఆతిథ్య రియల్ మాడ్రిడ్ చేతిలో 0-1తో ఓడారు. ఆ ఒక్క గోల్ కొట్టింది కారొలిన్ వియర్. అదే వేసవిలో సిటీ నుంచి మాడ్రిడ్ చేరిన అమ్మాయి. అదీ విధి అంటే!

ఆతిథ్యం ఎంత పని చేస్తుంది? అనుకున్నంత కాదు, అలాగని తక్కువా కాదు. లిన్‌షాపింగ్‌కు సొంతగడ్డ మీద తొలి మ్యాచే ఓటమి. రియల్ మాడ్రిడ్‌కు, 2024లో ఆర్సెనల్‌కు కలిసొచ్చింది. ఆ ఏడాది మెడో పార్క్‌లో రెండో సెమీస్‌లో అట్లెటికో మాడ్రిడ్‌ను రోజెన్‌బోర్గ్ పంపించేసింది. కాబట్టి ఆర్సెనల్‌కు ఫైనల్లో ఎదురైంది నార్వే జట్టు. దాన్నీ 1-0తో, కష్టపడే గెలిచారు. సీడింగ్, అంటే బలమైన జట్లు మొదట్లోనే ఎదురుపడకుండా విడదీయడం, ఇచ్చే భరోసా సెమీస్ వరకే.

ఇక మూడో స్థానం మ్యాచ్. మొన్నమొన్నటిదాకా ఆ మ్యాచ్‌తో ఒరిగేది పెద్దగా ఉండేది కాదు. అయినా చిన్న క్లబ్బుల కుర్ర ఆటగాళ్లకు అదొక అంతర్జాతీయ మ్యాచ్. దాన్ని తీసేయమనేవాళ్లతో నేను ఏకీభవించను.

ఈ పద్ధతికి మన వైపు నుంచి ఒక జ్ఞాపకం ఉంది. 2022 ఆగస్టు 18న సైప్రస్‌లోని ఎంగోమిలో, లాత్వియా జట్టు ఎస్ఎఫ్‌కే రీగాపై అపోలన్ లేడీస్ 3-0తో గెలిచిన సెమీఫైనల్. 60వ నిమిషంలో అపోలన్ తరఫున బరిలోకి దిగింది పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్. మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడిన తొలి భారతీయురాలు. ఫైనల్లో జ్యూరిక్ గెలిచి ముందుకెళ్లింది. మూడు మ్యాచ్‌ల పాత పద్ధతి ఉండుంటే ఆమెకు మరో మ్యాచ్ దొరికేది.

రెండంచెలు: ఇంట ఒకటి, బయట ఒకటి

2021-22 నుంచి మినీ టోర్నీల తర్వాతి అర్హత రౌండ్‌ను ఇలాగే ఆడిస్తున్నారు. ప్రత్యర్థి గడ్డ మీద గోల్‌కు ఎక్కువ విలువ అన్న పాత నియమాన్ని యూఈఎఫ్‌ఏ అదే సీజన్‌లో ఎత్తేసింది. రెండు మ్యాచ్‌ల గోల్స్ కూడితే సమానమా, నేరుగా అదనపు సమయమే. ఇది మంచి మార్పు. ఆ నియమం ఉన్నప్పుడు సొంతగడ్డ మీద తొలి అంచె ఆడే జట్టు గోల్ ఇవ్వకుండా కాచుకోవడమే పనిగా పెట్టుకునేది.

రెండంచెల విలువ ఏమిటో ఆర్సెనల్‌కే తెలుసు. 2024 సెప్టెంబర్‌లో స్వీడన్ జట్టు హేకెన్ చేతిలో గోటెన్‌బర్గ్‌లో 0-1తో ఓడారు. మినీ నాకౌట్ అయితే అక్కడితో సరి. వారం తర్వాత మెడో పార్క్‌లో 4-0తో గెలిచారు. ఆ రెండో అంచె లేకపోతే లిస్బన్ కప్పూ లేదు.

ఇక్కడ ఒక మాట. రెండంచెలంటే ఎప్పుడూ పెద్ద జట్టే గెలుస్తుందని కాదు. 2023లో ఆర్సెనల్‌ను పంపిన ప్యారిస్ ఎఫ్‌సీ ఆ తర్వాతి రౌండ్‌లో వోల్ఫ్స్‌బర్గ్‌తో సొంతగడ్డపై 3-3 డ్రా చేసుకుని, జర్మనీ వెళ్లి 2-0తో గెలిచింది. ఆ వోల్ఫ్స్‌బర్గ్ ముందు సీజన్ ఫైనలిస్టు. మరుసటి ఏడాది అదే ప్యారిస్ మాంచెస్టర్ సిటీ చేతిలో 0-5, 0-3తో చిత్తయింది. రెండు మ్యాచ్‌ల్లో మెరుగ్గా ఆడిన జట్టు గెలిచిందనడానికి ఈ మూడూ సాక్ష్యాలే. ఒక్క సాయంత్రం జరిగిన పొరపాటు మీద ఏదీ తేలలేదు.

ఖర్చు మాత్రం నిజం. నాలుగు జట్ల నుంచి ఒకదాన్ని తేల్చడానికి మినీ నాకౌట్‌కు నాలుగు రోజులు చాలు. రెండంచెలకు రెండు రౌండ్లు, ఆరు మ్యాచ్‌లు, దాదాపు నెల రోజుల క్యాలెండర్ కావాలి. కజకిస్థాన్ క్లబ్‌కు పోర్చుగల్ జట్టు తగిలిందనుకోండి, పాతికమందికి పైగా బృందం ఖండాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు దాటాలి. ఆ డబ్బు తిరిగొచ్చే దారి చిన్న క్లబ్బులకు ఉండదు. సొంతూరి ప్రేక్షకుల ముందు ఒక యూరప్ మ్యాచ్ ఆడటం వల్ల వచ్చే టికెట్లూ స్పాన్సర్లూ కొంత పూడుస్తాయి, అంతే.

ఒకే ఒక్క మ్యాచ్

కోవిడ్ ఏడాది, 2020 నవంబర్‌లో రెండు అర్హత రౌండ్లను ఇలా ఆడించారు. జోడీలు తేల్చే చీటీల్లో ఎవరికి సొంతగడ్డ వస్తే వాళ్లకు పండగ. ప్రయాణాలు తగ్గించడానికి వేరే దారి లేని కాలంలో సరిపోయింది. మామూలు రోజుల్లో దీని ఊసే వద్దు.

2025 తర్వాత తక్కెడ ఎటు మొగ్గింది?

2025-26 నుంచి గ్రూప్‌లు పోయి 18 జట్ల లీగ్ దశ వచ్చింది. తొమ్మిది జట్లు నేరుగా, తొమ్మిది అర్హత రౌండ్ల నుంచి. రౌండ్లు మూడయ్యాయి. మొదటి రెండు మినీ నాకౌట్లు, మూడోది రెండంచెలు. వీటన్నిటికన్నా పెద్ద మార్పు మహిళల యూరోపా కప్ అనే రెండో శ్రేణి పోటీ పుట్టడం. రెండో, మూడో అర్హత రౌండ్లలో ఓడినవాటిలో చాలా జట్లకు ఇప్పుడు అక్కడ చోటుంది. ఆ పోటీ నడిచేది రెండంచెల నాకౌట్‌లోనే. 2025 ఆగస్టు 30న మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 0-1తో ఓడిన హామర్బీ అటే వెళ్లింది. 2023 ఆర్సెనల్‌కు ఆ చాపా దిండూ లేవు, సెప్టెంబర్ 9తో యూరప్ సీజన్ ముగిసింది.

నా తీర్పు ఇదీ. ఛాంపియన్ల దారిలో మొదటి రౌండ్‌కు పాత రౌండ్ రాబినే మేలు. అక్కడ వచ్చే జట్లకు కావాల్సింది మ్యాచ్‌లు. వాటికోసం ఇంకో మూడు రోజుల హోటల్ ఖర్చు యూఈఎఫ్‌ఏ భరించలేనిదేమీ కాదు. గోల్స్ తేడా జబ్బుకు ఒక మందుంది: సమానంగా నిలిచిన జట్ల మధ్య లెక్క తేల్చేటప్పుడు నాలుగో స్థానం జట్టుపై గోల్స్‌ను పక్కన పెట్టడం. లీగ్ దారిలో మాత్రం మొదటి నుంచీ రెండంచెలే ఉండాలి. అక్కడున్నవి ప్రొఫెషనల్ జట్లు, ప్రయాణ ఖర్చు మోయగలవి. ఇక ఛాంపియన్ల దారి రెండో రౌండ్‌లో మినీ నాకౌట్ ఉంటే ఉండనివ్వండి, యూరోపా కప్ వచ్చాక దాని పదును తగ్గింది.

ఆసియా ఈ విషయంలో యూరప్ పాత దారినే పట్టుకుంది. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) మహిళల ఛాంపియన్స్ లీగ్ ప్రాథమిక దశ ఒకే చోట రౌండ్ రాబిన్. 2025 ఆగస్టులో నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్ క్లబ్ ఈస్ట్ బెంగాల్ కంబోడియాలోని నామ్‌పెన్‌లో మూడు జట్ల గ్రూప్‌లో ఆడింది. ఆతిథ్య నామ్‌పెన్ క్రౌన్‌పై 1-0తో గెలిచి, హాంకాంగ్ జట్టు కిచీతో 1-1 డ్రా చేసుకుని, నాలుగు పాయింట్లతో అగ్రస్థానంలో నిలిచి వుహాన్‌లో జరిగిన గ్రూప్ దశకు చేరింది. యూరప్ మినీ టోర్నీ నియమాల్లో అయితే ఆ 1-1 తర్వాత ఇంకో 30 నిమిషాలు, ఆ తర్వాత పెనాల్టీలు.