మల్చింగ్ షీటా, వరిగడ్డా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూరగాయల మళ్లలో తేమ నిలపడానికి మొక్కల చుట్టూ నేలపై పరిచే పాలిథిన్ మల్చింగ్ షీటు, వరిగడ్డి కప్పు రెండూ పనికొస్తాయి. కలుపును అణచడంలో షీటుదే పైచేయి అని ఒప్పుకోవాలి. అయితే సాధారణంగా 25, 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మందమే ఉండే ఆ పొర ఎండకు పెళుసెక్కి, తీసేటప్పుడు చిరిగి, దుక్కిలో నలిగి, 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలై మట్టిలో కలిసిపోతుంది. వాటిలో మరీ సన్నటివి తీరప్రాంత ఇసుక నేలల్లో నీటితోపాటు కిందికి దిగి భూగర్భజలాన్ని చేరే ముప్పుంది. అలా కలిసినవాటిని వేరుచేసే ఉపాయం రైతు చేతిలో లేదు. వరిగడ్డి మాత్రం కుళ్లి నేలకే బలమవుతుంది. పశువుల మేతకే గడ్డి సరిపోని ఇళ్లకు వరిగడ్డి కప్పమనే ఈ సలహా భారమే, నిజం. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలోనైతే కొబ్బరి ఆకులు, పీచుపొట్టు ఆ లోటు తీరుస్తాయి. షీటు తప్పనిసరైతే మందమైనది వాడి, పంట అయిన వెంటనే చిరగకుండా చుట్టి తీసేయాలి. గట్టుమీద తగలబెట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.