ఆరుగురు పెద్దమనుషుల కషాయం: ఏడు నెలలు తాగాక

రెండు ఇడ్లీలు తిన్నా మధ్యాహ్నం దాకా పొట్ట బండలా ఉండేది నాకు. నాలుగేళ్లు ఇదే గొడవ. ఎండోస్కోపీలో పుండు లేదు, హెచ్.పైలోరీ అనే పొట్ట బ్యాక్టీరియా లేదు, ఫంక్షనల్ డిస్పెప్సియా (కారణం కనిపించని అజీర్తి) అని రాసి యాసిడ్ తగ్గించే ప్యాంటోప్రజోల్ ఇచ్చారు. దాంతో మంట తగ్గింది గానీ పొట్టలో ఆ బరువు పోలేదు. ఉండేది సింగపూర్‌లో, ఆఫీసులో పక్క సీటు చైనీస్ ఆవిడ పోరు పడలేక చివరికి ఒక చైనీస్ వైద్యుడి దగ్గరికి వెళ్లా. ఇక్కడ వాళ్లకి రిజిస్ట్రేషన్ ఉండాలి, అది చూసుకునే వెళ్లాను.

నాలుక చాపమన్నారు, రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు పెట్టి చాలాసేపు నాడి చూసి, ప్లీహంలో 'చి', అంటే వాళ్ల భాషలో ప్రాణశక్తి, తగ్గింది అన్నారు. స్కానింగ్‌లో కనిపించే ప్లీహం కాదట, అరుగుదల పనంతా వాళ్ల లెక్కలో దాని కిందే వస్తుంది. మా తాతయ్య అయితే జఠరాగ్ని మందగించింది అనేవాడు, పెద్ద తేడా లేదు!

రాసింది షియాంగ్ షా లియూ జున్ జి తాంగ్. 'లియూ జున్ జి' అంటే ఆరుగురు పెద్దమనుషులు, ఇంకో రెండు చేర్చి మొత్తం ఎనిమిది మూలికలు. పొట్లం విప్పితే సగం మనకి తెలిసిన సరుకే: అతిమధురం ముక్కలు, ఎండిన కమలా తొక్క, ఏలక్కాయ వాసనొచ్చే గింజలు, హిమాలయాల్లో పుట్టిన మన చెంగల్వకోష్టు. చెంగల్వకోష్టుని వాళ్లు ము షియాంగ్ అంటారు. చింగ్ ము షియాంగ్ అని ఇంకోటుంది, పేరు దగ్గరే గానీ మొక్క వేరు, అందులోని అరిస్టోలోకిక్ యాసిడ్ కిడ్నీలు పాడుచేస్తుంది. ఈ ఎనిమిదిలోనే ఉన్న బాన్‌షియా దుంప కూడా పచ్చిది విషం, శుద్ధి చేసిందే వాడాలి. అందుకే పేరు రాసుకెళ్లి ఎక్కడపడితే అక్కడ కొనకండి.

మొదటి నెల మట్టికుండలో కాచాను. మూడు గిన్నెల నీళ్లు ఒక గిన్నె అయ్యేదాకా మరగాలి. ఇల్లంతా తడిసిన గోనెసంచి వాసన, మా ఆవిడ చిమ్నీ ఆన్ చేసి కిటికీలన్నీ తీసేది. తర్వాత వేడినీళ్లలో కలుపుకునే పొడికి మారాను, రోజుకి దాదాపు 8 డాలర్లు, నెల తిరిగేసరికి తక్కువేం కాదు.

మూడో వారం దాకా ఏమీ తెలియలేదు, ఆ తర్వాత తేన్పులు తగ్గాయి, రెండో నెలకి రాత్రి అన్నం తిని పడుకోగలిగాను. సగానికి సగం నయం అంటాను, పూర్తిగా కాదు. అయితే చల్లనివి, పచ్చివి మానేయమన్నారు, ఫ్రిజ్ పెరుగుతో సహా. ఆ సగంలో మందు వాటా ఎంతో, పెరుగు మానేసిన వాటా ఎంతో చెప్పలేను. ఆవకాయ తిన్న వారం మాత్రం ఏ పెద్దమనిషీ ఆదుకోలేదు.

ఆరో నెలలో బీపీ 146కి వెళ్లింది, అంతకుముందు 128 దాటేది కాదు. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, కానీ మొదటి రోజు ఇంట్లో బీపీ ఉందా అని నన్నెవరూ అడగలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే. కారణం అదేనని రుజువేమీ లేదు గానీ ఏడో నెలాఖరుకి ఆపేశాను, మూడు వారాల్లో మామూలైంది. బీపీ మాత్రలు, ముఖ్యంగా నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్లు మీ డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టొద్దు. బరువు తగ్గిపోతున్నా, మలం నల్లగా వస్తున్నా ఈ కషాయాల జోలికి పోకుండా ముందు ఎండోస్కోపీకి వెళ్లండి.

ఇప్పుడు కమలా తొక్క ఒక్కటే వేడినీళ్లలో వేసుకుని తాగుతున్నా. పెరుగన్నం మళ్లీ మొదలైంది, పెరుగు గంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టుకుని.