మూడున్నర వేల మెట్ల కింద నోంగ్రియాట్

చిరపుంజికి వెళ్ళి ఎండుగడ్డి చూసి వచ్చామని నిట్టూర్చేవాళ్ళు మనవాళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళనేమీ అనలేం. చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో బట్టీ పట్టిన ఆ ఊరు పీఠభూమి మీద ఉంది. అక్కడివాళ్ళు దాన్ని సోహ్రా అంటారు. పడిన వాన పడినట్టే లోయల్లోకి జారిపోతుంది. వానతోపాటు మట్టీ పోతుంది, మట్టి లేనిచోట చెట్టు నిలవదు. 1860 ఆగస్టు నుంచి 1861 జులై వరకు 26,461 మిల్లీమీటర్ల వాన కురిసి ప్రపంచ రికార్డుకెక్కిన చోట, చలికాలంలో నీళ్ళకు కటకటే. అసలైన వానల అడవి చూడాలంటే పీఠభూమి అంచు నుంచి కిందికి దిగాలి. నోంగ్రియాట్ అలా దిగితే వచ్చే ఖాసీ తెగవాళ్ళ పల్లె, బతికున్న వేర్ల వంతెనకు పేరుపడ్డది. రోడ్డు లేదు.

చేరుకోవడం పెద్ద కష్టం కాదు. హైదరాబాద్ నుంచి గువాహటికి నేరుగా విమానాలున్నాయి. అక్కడి నుంచి షిల్లాంగ్ సుమారు వంద కిలోమీటర్లు, షిల్లాంగ్ నుంచి సోహ్రా మరో 54. కొన్ని ఈశాన్య రాష్ట్రాల్లో అడుగుపెట్టడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ అనే అనుమతి పత్రం మేఘాలయకు అక్కర్లేదు. షిల్లాంగ్ బడా బజారు దగ్గర షేర్ సుమోలు దొరుకుతాయి. ఇరుక్కుని కూర్చోవాలి గానీ చవక. ఇబ్బందంతా సోహ్రా నుంచి టిర్నా అనే ఊరి వరకు ఉన్న చివరి ముక్కతోనే. అక్కడ టాక్సీలదే రాజ్యం. మేము మాట్లాడుకున్న బండి అతను దిగేటప్పుడు వెయిటింగ్ చార్జీ అంటూ కొత్త లెక్క తీశాడు. ఎక్కకముందే, ఒకవైపుకేనా రానూపోనూనా అన్నది తేల్చుకోండి.

టిర్నాలో రోడ్డు అయిపోతుంది, మెట్లు మొదలవుతాయి. మూడున్నర వేలంటారు, మేము లెక్కపెట్టలేదు. అలిపిరి దారిలో కొండెక్కినవాళ్ళకు ఆ సంఖ్య భయం కలిగించదు. తేడా ఏమిటంటే తిరుమలలో కష్టం ముందు, దర్శనం తర్వాత. ఇక్కడ దర్శనం ముందే అయిపోతుంది, కష్టమంతా తిరుగు ప్రయాణానికి మిగులుతుంది. పైగా దిగుడంతా మోకాళ్ళ మీదే పడుతుంది. మెట్లు సిమెంటువే, బాగానే ఉన్నాయి, కానీ నీడపట్టున నాచు పట్టి జారుతాయి. మొదలయ్యేచోట వెదురు కర్రలు ఇస్తారు, మొహమాటపడకుండా తీసుకోండి. దారిలో రెండు ఇనుప తీగల వంతెనలు వస్తాయి. అడుగు వేస్తే ఊగుతాయి, కింద బండరాళ్ళ మధ్య నది కనిపిస్తుంది. ఎత్తంటే కళ్ళు తిరిగేవాళ్ళు ఒక్కొక్కరుగా, ఎదుటి ఒడ్డునే చూస్తూ దాటడం మేలు.

ఊరు చిన్నది. బస అంటే హోమ్‌స్టేలే. గదిలో మంచం, దుప్పటి, దోమతెర, ఒక బల్బు. స్నానాల గది చాలాచోట్ల ఉమ్మడి. వేడినీళ్ళు అడిగితే బకెట్టులో పెడతారు. మనిషికి కొన్ని వందల రూపాయలే తీసుకుంటారు, నా లెక్కలో అది తక్కువే. ఎందుకంటే ఆ మంచం, ఆ పరుపు, వంట గ్యాస్ సిలిండరు, మీ పళ్ళెంలోని కోడిగుడ్డు, గది గోడలోని సిమెంటు, అన్నీ మనిషి వీపు మీదే ఆ మెట్లు దిగి వచ్చాయి. నుదుటికి పట్టీ వేసుకుని, బరువంతా దాని మీద మోపి దిగుతారు. మేము చేతి సంచితో ఆయాసపడుతుంటే ఒకాయన సిమెంటు బస్తాతో పక్కకు తప్పుకుని మాకు దారి ఇచ్చాడు.

భోజనం అన్నం, పప్పు, ఒక కూర, ఆమ్లెట్. రుచి మామూలే, ఆకలి రుచి వేరు. శాకాహారులు ముందే చెప్పుకోవాలి, ఎండుచేపల పచ్చడి ఖాసీలకు మన ఊరగాయ లాంటిదే. కొద్దిగా కందిపొడి తీసుకెళ్ళినందుకు మా బృందంలో అందరూ నన్ను దీవించారు. ఇంటి పెద్దామెను మేమూ ఊరివాళ్ళలాగే ‘కాంగ్’ అని, అంటే అక్కా అని పిలిచాం. ఖాసీల్లో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది, పుట్టింటి ఇల్లు చిన్న కూతురికి దక్కుతుంది. గది ధర దగ్గర నుంచి రేపటి గైడు వరకు అన్నీ ఆమే తేల్చింది. భర్త టీ పెట్టి ఇచ్చాడు.

ఇక వంతెన. ఉమ్షియాంగ్ వాగు మీద ఒకదానిపైన ఒకటిగా రెండు అంతస్తులు, రెండూ బతికున్న వేర్లే. ఒడ్డున ఉన్న రబ్బరు మర్రి వేర్లను బోలుగా చేసిన పోకమాను దుంగల్లోంచి అవతలి ఒడ్డుకు పాకిస్తారు. అవి నేల పట్టుకుని బరువు మోసేసరికి పదిహేనేళ్ళో అంతకంటే ఎక్కువో పడుతుంది. అంటే నాటినవాడి కంటే వాడి పిల్లలకే ఎక్కువ ఉపయోగం. జనం పైఅంతస్తు మీద ఫోటోల కోసం వరుస కడుతుంటారు. నేను చెప్పేది వంతెన ఒక చివర్న కూర్చుని చూడమని. తొడంత లావు పాత వేరుకు చిటికెనవేలంత కొత్త వేరును చుట్టి ముడివేసి ఉంటారు, దాని కొస ఇంకా లేత ఎరుపులోనే ఉంటుంది. కాలు పెట్టేచోట సందుల్లో రాళ్ళు, మట్టి నింపారు. పక్కన ఇనుప వంతెన తుప్పుపడుతుంటే ఇది ఏటా గట్టిపడుతుంది. మేఘాలయలోని ఇలాంటి వేర్ల వంతెనలు 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి.

ఇంత శ్రమపడి వంతెనలు పెంచింది మన కెమెరాల కోసం కాదు, వక్క కోసం. ఈ వాలుల మీద వక్క, తమలపాకు, మిరియాలు, పనస, బిర్యానీ ఆకు పండుతాయి. వానాకాలంలో పొంగే వాగులు దాటి తోటలకు వెళ్ళాలంటే, వెదురు వంతెనలు ఆ తడికి నాలుగు రోజులు ఆగవు. పండిన సరుకు ఒకప్పుడు కిందకే, దక్షిణాన, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ మైదానపు సంతలకు దిగేది. 1947లో ఆ మైదానం పరాయి దేశమైంది. దగ్గరి మార్కెట్టు మూసుకుపోయి, అదే సరుకు వీపున కట్టుకుని కొండ ఎక్కాల్సి వచ్చింది. ఈ లోయల పేదరికానికి వాన కంటే సరిహద్దే పెద్ద కారణమని నాకు అనిపిస్తుంది. ఆ లోటును కొంత పూడ్చింది పర్యాటకులే. 2020లో కరోనాకు మనం రాకపోయేసరికి ఊరు మళ్ళీ తోటలనే నమ్ముకుంది.

రోడ్డు వస్తే బాగుంటుందా అని మా గైడు కుర్రాడిని అడిగాను. వాళ్ళమ్మ అవునంటుందట, తను కాదంటాడట. అమ్మకు గుర్తొచ్చేది జబ్బుపడ్డవాళ్ళను బుట్టకుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసిన రాత్రులు. కొడుకు భయం వేరు: కార్లు వంతెన దాకా వస్తే జనం గంటసేపు తిరిగి, నీళ్ళ సీసా పారేసి వెళ్ళిపోతారు, రాత్రి ఎవరుంటారు? ఇద్దరి మాటా నిజమే. నన్నడిగితే అమ్మ వైపే ఉంటాను. పై చదువులకు పిల్లలు ఊరు వదిలి కొండపైకి పోవాల్సిన చోట, మన సాహసయాత్ర కోసం వాళ్ళు మెట్లెక్కుతూ ఉండాలని కోరుకోలేను.

అయినా రోడ్డు లేని ఈ రోజుల్లో వెళ్ళేవాళ్ళు ఒక్క రాత్రయినా ఉండండి. ఉదయం దిగి మధ్యాహ్నం ఎక్కే పరుగులో మీకు మిగిలేది పిక్కల నొప్పి, ఊరికి మిగిలేది చెత్త. చెత్త పైకి వెళ్ళాలన్నా ఎవరో ఒకరి వీపే దిక్కు కాబట్టి మీది మీరే తెచ్చేసుకోండి. ఊళ్ళో ఉంటే మర్నాడు పొద్దున్నే రెయిన్‌బో జలపాతానికి వెళ్ళవచ్చు. దారి అడవిలోంచి, గంటన్నర పైనే, దీనికి మాత్రం గైడును తీసుకెళ్ళడమే మేలు. సోహ్రాలోని రిసార్టులు గదుల్లో మేలే, లోయ కనిపిస్తుంది కూడా, కానీ కిటికీలోంచే. చిన్నపిల్లలు, మోకాళ్ళ బాధ ఉన్న పెద్దవాళ్ళు వెంట ఉంటే అక్కడే ఉండి జలపాతాలు, గుహలు చూసుకోవడం మంచిది.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు వద్దు, అక్టోబరు, నవంబరు నెలలు బాగుంటాయి. ఏటీఎం లేదు, డబ్బు చేతిలో ఉంచుకోండి. ఆదివారం చాలామంది చర్చికి వెళ్తారు, టిర్నాలో టాక్సీ దొరకడం కష్టం. శనివారం దిగితే సోమవారమే ఎక్కేలా చూసుకోండి.