కాన్వాయా, ఒంటరి ప్రయాణమా, వేటా: జలాంతర్గాముల కాలంలో సరుకు ఓడకు ఏది మేలు?

మొదటి ప్రపంచయుద్ధంలో, 1917 ఏప్రిల్ ఒక్క నెలలో మిత్రపక్షాలు, తటస్థ దేశాలు కలిపి పోగొట్టుకున్న ఓడల పరిమాణం ఎనిమిదిన్నర లక్షల టన్నులు దాటింది. ఆ ఏడాది ఫిబ్రవరి 1 నుంచి జర్మన్ జలాంతర్గాములు ఏ హెచ్చరికా లేకుండా సరుకు ఓడలను ముంచుతున్నాయి. బ్రిటన్‌లో గోధుమల నిల్వ కొన్ని వారాలకు మించి లేదు. బ్రిటిష్ నౌకాదళాధిపతి జెల్లికో ఆ లెక్కలను అమెరికా నుంచి వచ్చిన అడ్మిరల్ సిమ్స్ ముందు పెట్టి, నష్టాలు ఇలాగే సాగితే యుద్ధం కొనసాగించడం అసాధ్యమని చెప్పాడు.

ఆనాడు వారి ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ప్రతి ఓడా తన దారిన తాను వేగంగా, రహస్యంగా వెళ్లిపోవడం. రెండవది, యుద్ధనౌకల దళాలను సముద్రం మీదికి పంపి జలాంతర్గాములను వెతికి వేటాడించడం. మూడవది, పదుల కొద్దీ ఓడలను ఒక గుంపుగా కట్టి, చుట్టూ రక్షక నౌకలను పెట్టి నడిపించడం, అంటే కాన్వాయ్. ఇవే ప్రశ్నలు ఇరవై రెండేళ్ల తరువాత రెండవ ప్రపంచయుద్ధంలో మళ్లీ తలెత్తాయి, మళ్లీ అంతే ఖరీదుతో పరిష్కారమయ్యాయి. వీటిని పోల్చేటప్పుడు ఎన్ని జలాంతర్గాములు మునిగాయన్నది కాక, ఎన్ని ఓడలు సరుకుతో రేవుకు చేరాయన్నదే కొలతగా పెట్టుకోవాలని నా అభిప్రాయం. నౌకాదళాలు చేసిన పెద్ద తప్పులలో చాలావరకు ఈ రెండు కొలతలనూ కలగాపులగం చేయడం వల్ల జరిగినవే.

ముందుగా ఒంటరి ప్రయాణం. దీనిని సమర్థించేవారి వాదనను తేలికగా తీసిపారేయడానికి వీలులేదు. విశాఖపట్నం బీచిలో ప్రదర్శనశాలగా నిలిపిన కుర్సురా జలాంతర్గామి లోపల నడిచినవారికి ఆ యంత్రానికి ఉన్న పరిమితి కళ్లకు కడుతుంది: ఇరుకు దారి, ఒకదానిపై ఒకటిగా పడకలు, మిగిలిన చోటంతా డీజిల్ ఇంజన్లు, బ్యాటరీలు, టార్పిడోలు. కుర్సురా 91 మీటర్ల పొడవుంటే, అట్లాంటిక్‌లో జర్మనీ ఎక్కువగా వాడిన ఏడవ రకం జలాంతర్గామి పొడవు 67 మీటర్లే. నీటిపైన డీజిల్ ఇంజన్లతో అది 17 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వేగం అందుకోగలదు. నీటి అడుగున బ్యాటరీలతో 8 నాట్లకు మించదు, ఆ వేగం కూడా ఎంతోసేపు నిలవదు. కనుక నిజంగా వేగవంతమైన ఓడ ఒంటరిగా వెళ్తే, దారిలో ముందే కాచుకుని ఉంటే తప్ప జలాంతర్గామి దానిని అందుకోలేదు. క్వీన్ మేరీ, క్వీన్ ఎలిజబెత్ అనే రెండు మహానౌకలు ఒక్కొక్క ప్రయాణంలో పదిహేను వేల వరకు సైనికులను ఎక్కించుకుని, 28 నాట్లకు మించిన వేగంతో ఒంటరిగానే అట్లాంటిక్‌ను దాటుతూ వచ్చాయి. యుద్ధం ముగిసేదాకా వాటికి ఒక్క టార్పిడో కూడా తగలలేదు.

అయితే సరుకు ఓడలలో అత్యధిక భాగం 8 నుంచి 11 నాట్ల ఓడలే. వేగానికి ఎక్కడ గీత గీయాలన్న విషయంలో బ్రిటన్ తన ఓడల మీదనే ఒక ప్రయోగం చేసినట్టయింది. 1940 నవంబరు వరకు 15 నాట్ల కంటే వేగంగా పోగల ఓడలకు మాత్రమే ఒంటరి ప్రయాణానికి అనుమతి ఉండేది. రేవులలో నిరీక్షణ తగ్గించి సరుకు త్వరగా రప్పించాలని ఆ గీతను 13 నాట్లకు దించారు; ఒంటరి ఓడల నష్టాలు పెరిగిపోగా 1941 జూన్‌లో తిరిగి 15కు ఎత్తవలసి వచ్చింది. రెండు నాట్ల తేడా ఎన్ని ఓడలను మింగిందో ఆలోచిస్తే, కాగితం మీద సామర్థ్యంగా కనిపించేది సముద్రం మీద ఎంత ప్రమాదమవుతుందో తెలుస్తుంది. మన దేశపు రేవు నుంచి బయలుదేరిన ఓడలలోనూ ఇందుకు విషాదకరమైన ఉదాహరణ ఉంది. 1942 నవంబరు 20న బొంబాయి నుంచి ఆఫ్రికా వైపు ఒంటరిగా బయలుదేరిన తిలావా అనే ప్రయాణికుల ఓడను 23వ తేదీ తెల్లవారుజామున జపాన్ జలాంతర్గామి ఐ-29 ముంచివేసింది. ఓడలో ఉన్న 958 మందిలో 280 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది భారతీయులు.

ఇక వేట. నౌకాదళ అధికారుల మనసుకు ఇది అన్నిటికన్నా నచ్చిన మార్గం, ఎందుకంటే ఇందులో దాడి ఉంది. గొర్రెల మందకు కాపలా కాసినట్టు ఓడల వెంట నడవడం యోధులకు తగిన పని కాదన్న భావన చాలామందిలో ఉండేది. కాని దాక్కున్నవాణ్ణి వెతకాలంటే వాడు ఎక్కడున్నాడో తెలియాలి. 1939 సెప్టెంబరులో బ్రిటన్ విమానవాహక నౌకలనే వేటకు పంపింది. ఆర్క్ రాయల్ టార్పిడోల నుంచి త్రుటిలో తప్పించుకున్న మూడు రోజులకే, 17వ తేదీన, కరేజియస్‌ను జర్మన్ జలాంతర్గామి యు-29 ముంచివేసింది. 500 మందికి పైగా నావికులు దానితో పాటు పోయారు. వేటకు వెళ్లినదే వేటయింది.

1942 తొలి నెలలలో అమెరికా తూర్పు తీరంలో జరిగినది ఇంతకంటే పెద్ద గుణపాఠం. జనవరిలో జర్మనీ అక్కడికి మొదట పంపినవి అయిదు జలాంతర్గాములు మాత్రమే. తీర నగరాల దీపాలు ఇంకా ఆర్పలేదు; ఆ వెలుగులో చమురు ఓడల ఆకారాలు నల్లగా తేటతెల్లంగా కనిపించేవి. ఓడలు ఒంటరిగా సాగుతుండగా, డిస్ట్రాయర్లనే వేగవంతమైన యుద్ధనౌకలు పోలీసు బీటు తిరిగినట్టు తీరం వెంట పైకీ కిందికీ గస్తీ తిరిగేవి. జలాంతర్గామి కెప్టెన్ చేయవలసిందల్లా గస్తీ నౌక దాటిపోయేదాకా అడుగున ఉండి, తరువాత పైకి రావడమే. ఆ తీరంలో ఒక అమెరికన్ యుద్ధనౌక తొలి జర్మన్ జలాంతర్గామిని, అంటే యు-85ను, ముంచడానికి ఏప్రిల్ మధ్య దాకా పట్టింది. ఆలోగా ఎన్నో సరుకు ఓడలు మునిగిపోయాయి. మే నెలలో తీరం వెంట కాన్వాయ్‌లు మొదలుపెట్టగానే నష్టాలు పడిపోయాయి, జలాంతర్గాములు కాన్వాయ్‌లు ఇంకా లేని కరీబియన్, మెక్సికో జలాలకు తరలిపోయాయి. అమెరికన్ నౌకాదళాధిపతి కింగ్ అప్పటికి, రక్షక నౌకలు తోడు వెళ్లడం ఒక్కటే ఫలితమిచ్చే మార్గమని స్వయంగా రాసే స్థితికి వచ్చాడు.

కాన్వాయ్ మీద 1917లో వచ్చిన అభ్యంతరాలు నిజానికి బలమైనవిగానే కనిపించేవి. చేపలన్నీ ఒకే చోట చేరితే ఒక్క వలలో పడిపోవా? వేరువేరు కంపెనీల, వేరువేరు వేగాల ఓడల కెప్టెన్లు చీకట్లో దూరం తప్పకుండా నడపగలరా? రక్షక నౌకలు చాలినన్ని ఎక్కడివి? ఈ చివరి ప్రశ్నకు ఒక తప్పుడు లెక్క ఆధారమైంది. వారానికి దాదాపు 2,500 ఓడలు బ్రిటిష్ రేవులలోకి వచ్చి, అంతే సంఖ్యలో వెళ్తున్నాయని ప్రకటించేవారు. తీరం వెంట తిరిగే చిన్న పడవలను కూడా అందులో కలిపేవారు. రెజినాల్డ్ హెండర్సన్ అనే అధికారి ఆ లెక్కను విడగొట్టి చూస్తే, మహాసముద్రం దాటి వచ్చే పెద్ద ఓడలు వారానికి 120 నుంచి 140 మాత్రమేనని తేలింది. అన్నింటికీ తోడు పంపడం అసాధ్యమన్న వాదన అక్కడితో కూలిపోయింది. మే 10న జిబ్రాల్టర్ నుంచి ప్రయోగాత్మకంగా తొలి కాన్వాయ్ బయలుదేరింది. ఏడాది చివరికి నెలసరి నష్టం ఏప్రిల్ నాటి దానిలో సగానికి లోపు వచ్చింది.

వల పోలిక ఎందుకు తప్పో ఇక్కడ వివరించాలి. మహాసముద్రం ఎంత విశాలమైనదంటే, ముప్పై ఓడల గుంపును కనుగొనే అవకాశం ఒక ఓడను కనుగొనే అవకాశం కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ. విడివిడిగా వెళ్తే ముప్పై సార్లు వచ్చే అవకాశం, గుంపుగా వెళ్తే ఒక్కసారే వస్తుంది. వచ్చినప్పుడు కూడా జలాంతర్గామి దగ్గర ఉన్న టార్పిడోలు నాలుగైదు ఓడలకు మించి సరిపోవు, దాడి చేసి తప్పించుకోవడానికి వ్యవధీ ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, అది రక్షక నౌకలున్న చోటికి తనంత తానే రావాలి. వేట దళం నెలల తరబడి వెతికినా దొరకనిది కాన్వాయ్ దగ్గర దానంతటదే ఎదురుపడుతుంది. రెండవ యుద్ధంలో భౌతిక శాస్త్రవేత్త బ్లాకెట్ ఈ తర్కాన్ని అంకెలతో ఇంకా ముందుకు తీసుకువెళ్లాడు. సగటున 32 ఓడలున్న కాన్వాయ్‌లు 2.5 శాతం ఓడలను కోల్పోతే, సగటున 54 ఓడలున్నవి 1.1 శాతమే కోల్పోయాయి. 80 ఓడల గుంపు చుట్టుకొలత 40 ఓడల గుంపు కంటే ఏడో వంతు మాత్రమే ఎక్కువ. కనుక దాదాపు అదే సంఖ్యలో రక్షక నౌకలు రెట్టింపు ఓడలను కాపాడగలవు. పెద్ద గుంపు ప్రమాదమని అంతవరకు నమ్మిన నౌకాదళం తన పద్ధతి మార్చుకుంది.

ఈ లాభం ఊరికే రాలేదు. గుంపు మొత్తం అందరికంటే నెమ్మదైన ఓడ వేగంతోనే, కొన్నిసార్లు 7 నాట్లతో, కదలాలి. రేవులో రోజుల తరబడి ఎదురుచూడాలి. అన్నీ ఒకేసారి చేరడంతో సరుకు దించడానికి రేవు చాలేది కాదు. దీపాలు ఆర్పుకుని వరుసలలో నడిచే ఓడ మీద రాత్రి కాపలా ఎలాంటిదో ఊహించడం కష్టం. పొగమంచు కమ్మితే ప్రతి ఓడా తాడుతో ఒక తేలుడు బుంగను వెనుక లాగుతూ పోయేది. అది నీటిని చిమ్మే తెల్లటి ధార ఒక్కటే వెనుక వస్తున్న ఓడకు గుర్తు. ఆ ధార కనిపించకపోతే రెండు ఓడలు ఢీకొన్నట్టే. పక్క ఓడకు టార్పిడో తగిలితే ఆగి మనుషులను ఎక్కించుకోవడానికి వీలులేదు. ఆగిన ఓడ తరువాతి గురి అవుతుంది. కళ్లముందు నీటిలో అరుస్తున్న తోటి నావికులను దాటుకుని పోవలసిన స్థితి అది. ఈ పని కోసమే ప్రత్యేక రక్షణ ఓడలను 1941 నుంచి గుంపు వెనుక పెట్టారు.

గుంపు కట్టినంత మాత్రాన కాన్వాయ్ కాదని 1940 అక్టోబరులో ఎస్‌సీ 7 అనే కాన్వాయ్ నిరూపించింది. కెనడా నుంచి 35 ఓడలతో బయలుదేరిన ఆ కాన్వాయ్‌కు సముద్రంలో చాలా దూరం ఒకే ఒక్క చిన్న యుద్ధనౌక తోడు. తరువాత మరికొన్ని చేరినా, అవి కలిసి శిక్షణ పొందినవి కావు. జర్మన్ జలాంతర్గాములు రాత్రి పూట, నీటి అడుగున వినే పరికరాలకు చిక్కకుండా, నీటిపైనే కాన్వాయ్ వరుసల మధ్యకు దూరి 20 ఓడలను ముంచాయి. అందువల్ల ‘కాన్వాయ్ మేలా?’ అని అడిగితే చాలదు, రక్షణ ఎంత ఉందని కూడా అడగాలి.

చెదిరిపోవడం సరైన సందర్భమూ ఒకటి ఉందని మరచిపోరాదు. 1940 నవంబరు 5న అడ్మిరల్ షీర్ అనే జర్మన్ యుద్ధనౌక హెచ్ఎక్స్ 84 కాన్వాయ్ మీద పడినప్పుడు, కాపలాగా ఉన్న జెర్విస్ బే అనే బ్రిటిష్ నౌక దానికి ఎదురువెళ్లి మునిగిపోతూ సమయం సంపాదించింది. ఈలోగా చెదిరిన 37 సరుకు ఓడలలో అయిదే మునిగాయి. ఒక్క పెద్ద ఫిరంగి నౌక నాలుగు దిక్కులకూ వెంటపడలేదు. 1942 జులై 4న టిర్పిట్జ్ అనే జర్మన్ యుద్ధనౌక వస్తుందన్న భయంతో లండన్ నుంచి బ్రిటిష్ నౌకాదళాధిపతి డడ్లీ పౌండ్ చెదిరిపొమ్మన్న ఆజ్ఞను రష్యాకు వెళ్తున్న పీక్యూ 17 కాన్వాయ్‌కు ఇచ్చాడు. టిర్పిట్జ్ రాలేదు. ఒంటరులైన ఓడలను జలాంతర్గాములు, విమానాలు ఒక్కొక్కటిగా ఏరివేశాయి. మొత్తం 24 పోయాయి, వాటిలో చెదరగొట్టక ముందు పోయినవి మూడే. సెప్టెంబరులో అదే దారిలో వెళ్లిన పీక్యూ 18కు చిన్న విమానవాహక నౌకను తోడిచ్చి, గుంపు విడిపోకుండా నడిపారు. దాడి తీవ్రంగానే సాగింది, 40 ఓడలలో 13 మునిగాయి. అయినా 27 ఓడలు చేరాయి. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో ఇంతకంటే స్పష్టమైన పోలిక లేదు.

మిగిలిన లోటు ఆకాశం నుంచి తీరింది. 1943 మార్చిలో హెచ్ఎక్స్ 229, ఎస్‌సీ 122 కాన్వాయ్‌లు విమానాలు చేరలేని అట్లాంటిక్ నడిబొడ్డులో 22 ఓడలను కోల్పోయి, ఒకే జలాంతర్గామిని ముంచాయి. రెండు నెలలలో దూరప్రయాణ లిబరేటర్ విమానాలు, చిన్న విమానవాహక నౌకలు, కొత్త రాడార్లు వచ్చాయి. విమానం పైన తిరుగుతుంటే జలాంతర్గామి నీటి అడుగుకు వెళ్లక తప్పదు, అడుగుకు వెళ్తే 7 నాట్ల కాన్వాయ్‌ను కూడా అందుకోలేదు. మేలో ఎస్‌సీ 130 కాన్వాయ్ ఒక్క ఓడను కూడా పోగొట్టుకోలేదు. దాని మీదికి వచ్చి మునిగిన యు-954లో జర్మన్ జలాంతర్గామి దళాధిపతి డోనిట్జ్ చిన్న కొడుకు ఉన్నాడు. ఆ నెలలో 41 జలాంతర్గాములు పోవడంతో 24వ తేదీన డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి మిగిలినవాటిని వెనక్కి పిలిచాడు. వేట దళాలు పనికివచ్చింది కూడా అప్పుడే: కాన్వాయ్‌కు సొంత కాపలా సరిపడా ఉన్నాక, అదనపు నౌకలు ప్రమాదంలో ఉన్న కాన్వాయ్ దగ్గరికి వెళ్లి, అక్కడ కనిపించిన జలాంతర్గామిని వదలకుండా గంటల తరబడి వెంటాడాయి. జపాన్ ఈ క్రమాన్ని గ్రహించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు 1943 నవంబరులో గాని రక్షక నౌకలకు ప్రత్యేక దళాన్ని ఏర్పరచలేదు. కొద్దిపాటి కాపలాతో నడిపిన చిన్న చిన్న కాన్వాయ్‌లను అమెరికన్ జలాంతర్గాములు తుడిచిపెట్టాయి.

కనుక నా తీర్పు ఇది: 15 నాట్లకు బాగా మించిన వేగమున్న ఓడకు ఒంటరి ప్రయాణం, మిగిలిన అన్నింటికీ విమాన రక్షణతో కూడిన పెద్ద కాన్వాయ్, ఆ రక్షణ పూర్తయ్యాక మిగిలిన నౌకలతో వేట. ఈ తీర్పుకు ఉన్న ఖరీదును హిందూ మహాసముద్రంలో 1944 ఫిబ్రవరి 12న జరిగిన ఘటన చూపిస్తుంది. మొంబాసా నుంచి కొలంబోకు అయిదు రవాణా నౌకలు ఒక క్రూయిజర్, రెండు డిస్ట్రాయర్ల తోడుతో వస్తున్నాయి. మాల్దీవుల దగ్గర జపాన్ జలాంతర్గామి ఐ-27 వేసిన టార్పిడోలకు వాటిలో ఖెదివ్ ఇస్మాయిల్ అనే నౌక రెండు నిమిషాల లోపే మునిగింది. నీటిలో తేలుతున్నవారి కిందనే జలాంతర్గామి దాగి ఉందని గుర్తించిన డిస్ట్రాయర్ పెటార్డ్, వారు అక్కడ ఉండగానే డెప్త్ చార్జీలు, అంటే నీటి అడుగున పేలే బాంబులు, వేయవలసి వచ్చింది. ఆ ఓడలోని దాదాపు 1,300 మంది, ఎంతోమంది నర్సులతో సహా, చనిపోయారు. పెటార్డ్, రెండవ డిస్ట్రాయర్ పాలడిన్ గంటల పోరాటం తరువాత ఐ-27ను ముంచాయి. మిగిలిన నాలుగు రవాణా నౌకలు కొలంబో చేరాయి.