అన్నీ ఒకే క్యాంపస్‌లోనా, దేనికది విడిగానా: పరిశోధనకు ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు, కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్ళు. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకంత ఎక్కువగా ఉందో కనిపెట్టడానికి ఇరవై ఏళ్ళకు పైగా డాక్టర్లు, శాస్త్రవేత్తలు వస్తూనే ఉన్నారు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు, జన్యువులు అన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కూడా మొదలయ్యాయి. కానీ ఇదే కారణం అని ఇంకా తేలలేదు.

మా బంధువుల అమ్మాయి ఒకతె ఈ మధ్య ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేసి నాకు ఫోన్ చేసింది. "బాబాయ్, పీహెచ్‌డీకి అన్ని శాఖలూ ఉన్న యూనివర్సిటీలో చేరనా, ఒకే సబ్జెక్టు మీద పనిచేసే ఇన్‌స్టిట్యూట్‌లో చేరనా?" అని అడిగింది. నాకు ముందు గుర్తొచ్చింది ఉద్దానమే, అక్కడి ప్రశ్న ఏ ఒక్క శాఖకూ అందలేదు మరి. ఆ రోజు గంటసేపు చెప్పినవీ, చెప్పడం మరిచిపోయినవీ కలిపి రాస్తున్నాను.

తెలుగువాళ్ళం రెండు పద్ధతులూ చూశాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరు చేరింది. 1923లో పెట్టిన విశాఖ మెడికల్ కాలేజీ దాని కిందికే వచ్చింది. తెలుగు సాహిత్యం, ఫిజిక్స్, వైద్యం, అన్నిటికీ పట్టా ఇచ్చేది ఒకే యూనివర్సిటీ. హైదరాబాద్‌లో 1918 నాటి ఉస్మానియాది ఇంకో ముచ్చట. అక్కడ వైద్యంతో సహా చదువంతా ఉర్దూలో చెప్పేవారు. అందుకోసం పుస్తకాలను తర్జుమా చేసే విభాగాన్నే విడిగా నడిపారు. అంటే మెడికల్ విద్యార్థి చేతిలోకి పుస్తకం రావాలంటే ముందు ఒక భాషావేత్త కూర్చుని ఏ నరానికి, ఏ ఎముకకు ఏ మాట వాడాలో తేల్చాలి. ఆర్ట్స్‌కూ మెడిసిన్‌కూ అంతకంటే దగ్గరి చుట్టరికం నేనెక్కడా చూడలేదు.

తర్వాత గాలి మారింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం, 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చాయి. మెడికల్ కాలేజీలు పాత యూనివర్సిటీల నుంచి విడిపోయి దాని కిందికి వెళ్ళాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వరంగల్‌లో కాళోజీ పేరుతో మరొకటి ఏర్పడింది. విడదీయడానికి కారణాలు లేకపోలేదు. సిలబస్, పరీక్షలు, పీజీ సీట్లు అన్ని కాలేజీలకూ ఒకే తీరున నడవాలంటే ఒకచోటి నుంచి చూసుకోవడం తేలిక. పరీక్షల వరకు అది మంచి పనే. పరిశోధన దగ్గరే నాకు బెంగ.

విడిగా ఉన్న సంస్థల బలాన్ని తక్కువ చేయను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థనే చూడండి. 1918లో కూనూరులో బెరిబెరి అనే విటమిన్ లోపం జబ్బు మీద చిన్న విచారణగా పుట్టి, 1958లో హైదరాబాద్ వచ్చింది. వందేళ్ళుగా పట్టుకున్న విషయం ఒక్కటే, మనిషి తినే తిండి. జొన్న తినేవాళ్ళలో పెల్లాగ్రా అనే చర్మం పాడయ్యే పోషకలోపం జబ్బు ఎందుకొస్తోందని 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య పరిశీలించి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి దానితో సంబంధం ఉండొచ్చన్నారు. నల్గొండలో ఫ్లోరైడ్ వల్ల పిల్లల మోకాళ్ళు వంకరపోవడాన్ని 1973లో లోకానికి చూపించిందీ ఈ సంస్థ పరిశోధకులే. ఇలాంటి చోట పరికరం పాడైతే బాగుచేసే మనిషి ఉంటాడు, పాత రికార్డు బీరువాలో దొరుకుతుంది, పక్క బల్ల మీది సీనియర్ అదే పని పదేళ్ళుగా చేస్తుంటాడు. కొత్తగా చేరిన పిల్లలకు ఇది చాలా ధైర్యం.

ఆ నల్గొండ కథలోనే ఇంకో సంగతి ఉంది. వంకరపోయిన కాళ్ళను చూసింది వైద్యం. నీళ్ళలోకి ఫ్లోరైడ్ ఎక్కడిదో చెప్పింది భూగర్భశాస్త్రం, రాతి పొరల్లోంచి అని. పటిక, సున్నం వేసి దాన్ని తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ తయారుచేసింది. దేశమంతా దాన్ని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. ఇక ఇంట్లో రోజూ బిందెలో పటిక కలిపి, గంటలు ఆగి, తేటనీళ్ళు వంచుకునే ఓపిక ఎవరికుంటుంది, ఆ పని ఇంట్లో ఎవరి మీద పడుతుంది అనేది సామాజికశాస్త్రం అడగాల్సిన ప్రశ్న. బిందె ఒకటే, శాఖలు నాలుగు.

ఒకే ప్రాంగణం వైపు చూస్తే నాకు తెలిసిన మంచి ఉదాహరణ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకం ఫలంగా 1974లో వచ్చింది. అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలై గచ్చిబౌలికి మారింది. ఫిజిక్స్, లైఫ్ సైన్సెస్, హ్యుమానిటీస్, నాటకం, నృత్యం, మెడికల్ సైన్సెస్ అన్నీ అక్కడే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు అక్కడ వైస్ ఛాన్సలర్‌గా చేశారు. ద్రావిడ భాషల చరిత్ర రాసిన ఆ పండితుడే అంతకు ముందు రైతుల మాటలు ఊరూరా సేకరించి 1962లో వ్యవసాయ పదాల మాండలిక కోశం తెచ్చారు. నాగలి, కాడి, మేడి, కర్రు ఏ జిల్లాలో ఏమంటారో అందులో చూడొచ్చు. దాన్ని భాషాశాస్త్ర గ్రంథమనే అంటారు. వ్యవసాయ పరిశోధకుడికి అది పనిముట్టు అని నేనంటాను.

ఇలా ఎందుకంటున్నానో ఒక అనుభవం చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఉత్తరాంధ్రలో ఒక ఆరోగ్య సర్వేకి ప్రశ్నపత్రాన్ని తెలుగు చేసే పనిలో నేనూ ఉన్నాను. వైద్యపరంగా వంక పెట్టడానికి లేదు. అందులో ఒక ప్రశ్న: రోజుకు సగటున ఎన్ని లీటర్ల నీరు తాగుతారు? మేం వెళ్ళిన ఊళ్ళో తోటపని నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్న పెద్దావిడ "లీటరంటే నాకేటి తెలుస్తది బాబూ" అని లోపలికెళ్ళి ఇత్తడి చెంబు తెచ్చింది. అంచు ఒక పక్క సొట్టపోయింది. "పనికెళ్ళేటప్పుడు దీనికొకటి తాగుతాను. మళ్ళీ ఇంటికొచ్చాకే" అంది. మాతో వచ్చిన కుర్రాడు తన బాటిల్‌తో కొలిస్తే ముప్పావు లీటరుకు కాస్త తక్కువే పట్టింది. అప్పటికే నింపిన ఫారాల్లో ఆ గడిలో రెండు, మూడు అని అంకెలున్నాయి. అవన్నీ అడిగినవాళ్ళు అందాజుగా వేసినవి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎండలో పనిచేసేవాళ్ళు ఎన్ని నీళ్ళు తాగుతున్నారన్నది అలాంటి చోట ప్రాణానికి సంబంధించిన లెక్క. ల్యాబ్ ఎంత గొప్పదైనా దాని దగ్గరికి వచ్చిన అంకె తప్పు.

మర్నాడు ఆ ప్రశ్నను మార్చాం: "పనికి వెళ్ళే ముందు ఎన్ని చెంబులు తాగుతారు? పనిలో ఉండగా ఎన్నిసార్లు? చెంబు చూపిస్తారా?"

అలాగని ఒకే గేటులోంచి వెళ్ళేవాళ్ళంతా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని నేను నమ్మను. సైన్స్ బిల్డింగ్ ఒక చివర, ఆర్ట్స్ ఇంకో చివర. ఐదేళ్ళు క్యాంటీన్‌లో ఒకే టీ తాగి పేర్లు తెలియకుండా వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. పైగా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి మెడికల్ సైన్సెస్ విభాగం ఉన్నా సొంత బోధనాసుపత్రి లేదు. రోగుల దగ్గరికి వెళ్ళాలంటే బయటి ఆసుపత్రులతో కలిసి పనిచేయాల్సిందే. అటు మెడికల్ కాలేజీలో రోగులకు కొదవ లేదు, తీరికే లేదు. ఎండీ చేసే డాక్టరు మూడేళ్ళలో డ్యూటీల మధ్య థీసిస్ రాయాలి. అందులో చాలావరకు పట్టా కోసం రాసినట్టే ఉండి అల్మారాలోకి పోతాయి. ఆ పిల్లల తప్పేం లేదు. ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసి వచ్చిన మనిషిని కొత్త ప్రశ్న వేయమంటే ఎలా?

డబ్బు సంగతీ చూసుకోవాలి. పరిశోధన విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే ఆర్ట్స్ అయినా సైన్స్ అయినా నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000 రూపాయలు. రానివాళ్ళకు సెంట్రల్ యూనివర్సిటీల్లో ఇచ్చేది 8,000. హాస్టల్ ఉంటే ఎలాగో నెట్టుకురావచ్చు, ఇంటికి పంపడం కుదరదు. పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేస్తూ థీసిస్ రాసేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. సంస్థ పేరు కంటే ముందు ఈ లెక్క తేల్చుకోవాలి.

ఇంతకీ ఆ అమ్మాయికి ఏం చెప్పాను? నీ ప్రశ్న ఇప్పటికే గట్టిగా కుదిరిపోయి, అది ఒక అణువు గురించో, ఒక టెక్నిక్ గురించో అయితే విడిగా ఉన్న ఇన్‌స్టిట్యూటే మేలు, రెండో ఆలోచన వద్దు. ప్రశ్న ఇంకా కుదరకపోతే, లేదా అది జనం మధ్య ఉన్న జబ్బు, నీళ్ళు, తిండి, భాష గురించి అయితే అన్ని శాఖలూ ఉన్న యూనివర్సిటీకే నా ఓటు. అక్కడ అడగడానికి మనిషి ఉంటాడు, నువ్వు వెళ్ళి తలుపు తట్టాలి అంతే. ఎవరైనా డాక్టరు అడిగి ఉంటే మెడికల్ కాలేజీ వదలొద్దనీ, సామాజికశాస్త్రమో భాషాశాస్త్రమో తెలిసిన మనిషిని జత చేసుకోమనీ చెప్పేవాణ్ణి.

దీనికి దారి ఉంది కూడా. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ఇంకో శాఖ నుంచే కాదు, ఇంకో సంస్థ నుంచి కూడా కో-గైడ్‌ను పెట్టుకోవచ్చు. కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు గైడ్‌ను ఆ ఒక్క మాట సూటిగా అడగమన్నాను: "సార్, నాకు బయటి శాఖ నుంచి కో-గైడ్ కావాలంటే మీకు అభ్యంతరమా?" ఆయన మొహం చూసి మిగతాది నువ్వే నిర్ణయించుకో అన్నాను. వచ్చే నెలలో ఇంటర్వ్యూ అట.